పాఠం చెప్పేవాళ్ల పాఠం

పీహెచ్‌డీకి గైడ్ ఉంటాడు. పాఠం ఎలా చెప్పాలో మాచర్ల డిగ్రీ లెక్చరర్‌కి ఎవరు చెప్తారు? 1986 జాతీయ విద్యా విధానం ఈ లోటు గుర్తించింది. మరుసటేడు నుంచి యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. కొత్తవాళ్లకి నాలుగు వారాల ఓరియంటేషన్, పాతవాళ్లకి మూడు వారాల రిఫ్రెషర్ ఉండేవి. పల్నాటి నుంచి ఉస్మానియాకో, ఆంధ్రా యూనివర్సిటీకో వెళ్లాల్సి వచ్చేది. ఆలోచన మంచిదే. కానీ కోర్సుల్ని ప్రమోషన్‌కి ముడిపెట్టేసరికి సర్టిఫికెట్టే ముఖ్యమైపోయింది. పేర్లు మాత్రం మారాయి: 2015లో హెచ్‌ఆర్‌డీసీ, 2023లో మాలవీయ మిషన్.

నాకు వింతగా తోచేది ఇంకోటి. ఆఫీసులో నేను రాసిన కోడ్ పక్కవాళ్లు చదవనిదే ముందుకెళ్లదు. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో ఒక మాస్టారి క్లాసులో ఇంకో మాస్టారు వెనక బెంచీలో కూర్చోవడం ఒక్కసారీ చూళ్లేదు.