కారణాంకాలు వెతికే ప్రోగ్రామును పరీక్షించడం ఎలా?

91ని కారణాంకాలుగా విడగొట్టమంటే మీలో చాలామంది 7 × 13 అని చెప్పేస్తారు. అదే 60 అంకెల సంఖ్య ఇస్తే? 2, 3, 5, 7 అంటూ వరుసగా భాగిస్తూ పోతే కంప్యూటరుకైనా ఆయుష్షు చాలదు. అలాంటప్పుడు పనికొచ్చే దారుల్లో ఒకటి ఎలిప్టిక్ కర్వ్ పద్ధతి. హెన్‌డ్రిక్ లెన్‌స్ట్రా అనే డచ్చి గణిత శాస్త్రవేత్త దీన్ని 1987లో ప్రచురించారు. పొట్టిగా ఈసీఎం అంటారు. జీఎంపీ-ఈసీఎం అనే ప్రోగ్రాము ఉచితంగానే దొరుకుతుంది. పైథాన్ వచ్చిన పిల్లలు చిన్నది సొంతంగా రాసుకోవచ్చు కూడా.

రాశాక అది సరిగ్గా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? చిక్కంతా ఇక్కడే ఉంది. "కారణాంకం దొరికింది" అంటే గుణించి చూసుకుంటాం, నిమిషంలో తేలిపోతుంది. "దొరకలేదు" అంటే? నిజంగానే దొరకలేదా, లేక ప్రోగ్రాములో ఎక్కడో ప్లస్ బదులు మైనస్ పడిందా? తప్పున్న ప్రోగ్రాము సాధారణంగా తప్పుడు జవాబు ఇవ్వదు, ఊరికే వెతుకుతూ ఉంటుంది. దాని మాట నమ్మి ఇంకొకరు "ఆ సైజు కారణాంకాలు వెతికేశారులే" అని వదిలేస్తే అది మరీ నష్టం.

అందుకే జవాబు ముందే తెలిసిన సంఖ్యతో మొదలుపెట్టండి. 455839 తీసుకుందాం. ఇది 599 × 761. కర్వ్ y² = x³ + 5x − 5, దాని మీద బిందువు (1, 1). ఈ బిందువును రెండింతలు చేస్తే (14, −53) రావాలి. కాగితం మీద సరిచూడండి: 14³ + 70 − 5 = 2809, అంటే 53². మీ ప్రోగ్రాము ఇక్కడే తప్పితే ముందుకు వెళ్లక్కర్లేదు.

తర్వాత దాన్ని 3 రెట్లు, వచ్చినదాన్ని 4 రెట్లు, అలా 8 దాకా చేస్తూ పోవాలి. లెక్కంతా 455839తో భాగించగా వచ్చే శేషాలతోనే. ప్రతి కూడికలోనూ ఒక భాగహారం ఉంటుంది. హారానికీ 455839కీ ఉమ్మడి కారణాంకం ఉంటే ఆ భాగహారం సాగదు. అలా ఆగిపోయిన చోట గ.సా.భా. తీస్తే 599 బయటపడుతుంది! ఎందుకంటే 599 శేషాల్లో ఈ కర్వ్ మీద (అనంతంలోని బిందువుతో కలిపి) 640 బిందువులున్నాయి. 1 నుంచి 8 దాకా గుణిస్తే వచ్చే 40320ని 640 నిశ్శేషంగా భాగిస్తుంది. 761 శేషాల్లో 777 బిందువులు, అంటే 3 × 7 × 37. ఆ 37 మనం చేసిన గుణకారంలో లేదు, కాబట్టి 761 బయటపడలేదు. 8 దాటినా 599 రాకపోతే తప్పు మీ ప్రోగ్రాముదే, అదృష్టానిది కాదు.

పెద్ద ప్రోగ్రాములు కర్వును యాదృచ్ఛికంగా ఎంచుకుంటాయి. జీఎంపీ-ఈసీఎం ఎంచుకున్న కర్వుకు సిగ్మా అనే సంఖ్య చూపిస్తుంది. దాన్ని నోటుబుక్కులో రాసుకోండి. అదే సిగ్మా, అవే హద్దులు, అదే వెర్షన్ ఇస్తే మళ్లీ అదే జవాబు రావాలి.

ఇంకో రకం తప్పు మరీ దొంగది: జవాబులన్నీ సరైనవే, కానీ దొరకడానికి రెట్టింపు కర్వులు పడతాయి. దీన్ని ఒక్కసారి నడిపి పట్టుకోలేం. 25 అంకెల కారణాంకానికి మొదటి హద్దు 50,000 పెడితే సగటున రెండు వందల పైచిలుకు కర్వులు కావాలి. ఆ సగటు పూర్తయినా సుమారు 37 శాతం సార్లు దొరకకపోవచ్చు, అది మామూలే. కాబట్టి తెలిసిన ప్రధాన సంఖ్యలతో చాలాసార్లు నడిపి సగటు చూడాలి.

సరి సంఖ్య, 3 గుణిజం, ప్రధాన సంఖ్య కూడా ఇచ్చి చూడండి. రెండు కారణాంకాలూ ఒకేసారి తగిలితే గ.సా.భా. మొత్తం సంఖ్యే అవుతుంది. దాన్నే "కారణాంకం" అని చూపిస్తే తప్పు.

తల్లిదండ్రులకు ఒక మాట: దీంతో పిల్లలు బ్యాంకు తాళాలు తీసేస్తారన్న భయం అక్కర్లేదు. 2048 బిట్ల ఆర్ఎస్ఏ సంఖ్య 617 అంకెలది, దాని రెండు కారణాంకాలూ 300 అంకెల పైనే. ఈసీఎంకు అవి అందవు.

మొదటి అభ్యాసానికి 4294967297 తీసుకోండి. ఫెర్మా ప్రధాన సంఖ్య అనుకున్న దీన్ని 1732లో ఆయిలర్ 641 × 6700417గా విడగొట్టాడు. అదే వరుసలోని పదో ఫెర్మా సంఖ్యకు 309 అంకెలు. అందులోని 40 అంకెల కారణాంకాన్ని రిచర్డ్ బ్రెంట్ 1995లో ఈసీఎంతోనే పట్టుకున్నారు.