తెరమీది పలక – చేతిలోని పుట

1914వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగెను. అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ సభకు మూలపురుషులు. అధ్యక్షపీఠము నలంకరించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. ఈ రెండు సంగతులును గ్రంథాలయోద్యమ చరిత్ర నెరిగిన వారందరికిని తెలిసినవే. మూడవ సంగతి యొకటి కలదు. దానిని మన మంతగా తలంపము. చిలకమర్తివారికి చిన్ననాటి నుండియు రేచీకటి యుండెను. క్రమక్రమముగా చూపు సన్నగిల్లి తుదకు పూర్తిగా పోయెను. వారి స్వీయచరిత్రము చెప్పి వ్రాయించినదే. ఊరూరను పుస్తకములు చదువుకొనవలెనని ఆంధ్రులు మొట్టమొదట చేరిన సభకు, దీపము ముందర గూర్చుండి సుఖముగా పుస్తకము చదువుకొను భాగ్యము లేని మహనీయుడు అధ్యక్షుడయ్యెను.

ఈ సంగతి నేను ముప్పది యేండ్ల క్రిందటనే చదివితిని. దాని యర్థము మాత్రము గత సంవత్సరము వరకు నాకు బోధపడలేదు. బోధపరచినవారు మన గ్రంథాలయమునకు మొదటినాటి నుండియు చందాదారులైన మాస్టారుగారు. నీటికాసులవ్యాధిచే వారికి చూపు పోయి యిప్పటికి ఆరేండ్లు.

రజతోత్సవ సందర్భమున గ్రంథాలయము యొక్క ఇరువదియైదేండ్ల చరిత్రను తెరపై చూపవలెనని కార్యవర్గమువారు నిశ్చయించి ఆ పని నాకు అప్పగించిరి. 1984లో కరణముల పదవి రద్దయినను, సహకార సంఘములో లెక్కలు వ్రాయు నన్ను ఊరివారు నేటికిని కరణ మనియే పిలుతురు. కరణమైనవాడు ఊరి చరిత్ర చెప్పవలసినదే గదా! కంప్యూటరుపై 42 స్లైడులు తయారుచేసితిని. ఒకదానివెంట నొకటి తెరపై పడుచుండగా నేను ప్రక్కన నిలిచి ప్రసంగించితిని. చప్పట్లు బాగుగనే మ్రోగినవి. సభ ముగిసిన పిమ్మట మాస్టారుగారు ఆ ప్రతిని తమ ఫోనునకు పంపుమని కోరిరి. వారి ఫోను తెరమీది వ్రాతను బిగ్గరగా చదివి వినిపించును. మరునాడుదయమున వారే నన్ను పిలిపించి, “కరణంగారూ, మీ చరిత్ర విన్నాను. చిత్రము, చిత్రము, చిత్రము అంటున్నది. నడుమ నడుమ ఇంగ్లీషు అక్షరాలేవో కూడబలుకుతున్నది. ఇరవైయైదేళ్ళలో మన మింతేనా చేసినది?” అనిరి.

వారు హాస్యముగనే యనిరి. నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆలోచింపగా ఇది క్రొత్త కష్టము కాదని తోచినది. వ్రాత యొక ఆధారము నుండి వేరొక ఆధారమునకు మారినప్పుడెల్ల, చదువగలవారెవరు, చదువలేనివారెవరు అను ప్రశ్న పుట్టుచునే యున్నది. తాటియాకుపై గంటముతో గీసి, మసి పూసి తుడిచిననే గాని అక్షరము కనబడదు. కనబడినను పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు. ఎక్కడ విరువవలయునో గురుముఖమున నేర్చినవానికే తెలియును. 1817లో మన దేశమునకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర, చెదలకు ఆహారమగుచున్న తాళపత్రములను సేకరించి, ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి, పండితులచే పోల్చి చూపించి, కాగితముపై శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను అచ్చు వేయించెను. ఆకును కాగితముగ మార్చుట మాత్రమే యైనచో అది లేఖకుని పని. పాఠము నిర్ణయించి, అర్థము చెప్పి, గురువు దగ్గర లేనివాడును చదువుకొనునట్లు చేయుటయే బ్రౌను చేసిన పని. నేటి మన పనికి ఆయనయే ఒజ్జ యని నా యభిప్రాయము.

స్లైడు సంగతియు పాతదే. గాజుపలకపై బొమ్మ చిత్రించి, వెనుక దీపముంచి, గోడమీద పెద్దదిగా చూపు మాజిక్ లాంతరును మన తాతలెరుగుదురు. 1910లో బరోడా మహారాజు సాయాజీరావు గాయక్వాడుగారు అమెరికా నుండి బోర్డెను అను గ్రంథాలయ నిపుణుని రప్పించి సంస్థానమంతట గ్రంథాలయములు నెలకొల్పించిరి. అక్షరము రానివారికి బొమ్మలు చూపి బోధించు శాఖ యొకటి అచ్చట నుండెను. అనగా ఆ కాలమున దీపపు పలక చదువురానివానిని చేరుటకు పుట్టిన యుపాయము. కాలమహిమ యేమోగాని నేడదే పలక చదువు వచ్చినవానిని దూరము చేయుచున్నది.

1987లో పవర్‌పాయింటు అను సాధనము అమెరికాలో వెలువడెను. అదే సంవత్సరము మైక్రోసాఫ్టు సంస్థ దానిని కొనుగోలు చేసెను. నేడు బడిపాఠము మొదలు బ్యాంకు సమావేశము వరకు అది లేనిచోటు లేదు. మన నూజివీటిలో 2008లో స్థాపించిన ట్రిపుల్ ఐటీ పల్లెటూరి పిల్లలకు ల్యాప్‌టాప్‌లిచ్చి తెరపై పాఠములు చెప్పుటతోనే ఆరంభమైనది. మామిడి పూతకాలమున తేనెమంచు పురుగును గూర్చి, బూడిద తెగులును గూర్చి రైతులకు చెప్పు సభలలోను స్లైడులే. నేను చూచిన యొక సభలో ఆకు బొమ్మ చుట్టును బాణపు గుర్తులు, వాని చివర చీమతలలవంటి అక్షరములు. వెనుక వరుసలోని రైతులు మందు పాలెంతయో తెలియక ఒకరి నొకరడుగుకొనిరి. వారందరికిని చూపున్నది.

ఇచ్చట నొక మెలిక కలదు. స్లైడు సూత్రమువంటిది. సూత్రమునకు భాష్యము కావలెను. భాష్యము వక్త నోట నుండును. వక్త ఇంటికి పోయిన పిమ్మట మిగిలిన పలకలు భాష్యము లేని సూత్రములు. కావున స్లైడులను ఉన్నవి ఉన్నట్లుగా అంతర్జాలమున నెక్కించిన మాత్రమున అవి చదువదగిన పుటలు కానేరవు.

పుట యన్న దేమి? జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ అను నతడు 1989లో ప్రతిపాదించిన పద్ధతిలో, వ్రాత యెట్లు కనబడవలెనని గాక ఏది యేమిటని గుర్తింతురు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక, ఇది బొమ్మ. స్లైడులో శీర్షిక యనిన పెద్ద అక్షరములే. కన్నున్నవానికి అది చాలును. చదివి వినిపించు యంత్రమునకు పెద్దయు చిన్నయు తెలియవు. శీర్షిక యని గుర్తు పెట్టినచో శీర్షిక నుండి శీర్షికకు దుముకుచు, కన్నున్నవాడు పుటలు త్రిప్పినట్లే, చూపు లేనివాడును కావలసినచోటికి పోగలడు. ఇట్టి పుటలకు ప్రపంచమంతటికిని మార్గదర్శక సూత్రములు మొదట 1999లో వెలువడినవి. మన దేశమున 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము, సమాచారము వారికి అందుబాటులో నుండునట్లు చూచుట ప్రభుత్వముల బాధ్యత యని చెప్పినది. 2025 ఏప్రిలు 30న సుప్రీముకోర్టు, అంతర్జాల సేవలు అందుట జీవించు హక్కులో భాగమేయని తీర్పు చెప్పినది. యంత్రముల విషయమున నన్ను మిక్కిలి కదిలించినది వేరొకటి. కంప్యూటరు తెరను చదివి వినిపించు ఎన్.వి.డి.ఏ. అను సాధనమును 2006లో ఆరంభించిన ఆస్ట్రేలియా యువకుడు మైఖేల్ కరన్ స్వయముగా అంధుడు. దానిని అందరికిని ఉచితముగ నిచ్చెను.

తెలుగువారికి మరియొక చిక్కు అదనముగ గలదు. ప్రపంచ లిపులన్నిటికిని ఒక్కొక్క యక్షరమునకు ఒక్కొక్క సంఖ్య నిచ్చు యూనికోడు పద్ధతిలో 1991లోనే మన లిపికి స్థానము లభించినది. అయినను అచ్చుపనులలో పాత ఫాంటులు నేటికిని నడచుచున్నవి. వానిలో తెరపై ‘క’ యని కనబడునది యంత్రము లోపల ఏదో ఆంగ్లాక్షరము. పైకి తెలుగు వేషము, లోన వేరు మనిషి. మాస్టారుగారి ఫోను కూడబలికిన ఇంగ్లీషు అక్షరములు నా తెలుగు చరిత్రయే!

ట్రిపుల్ ఐటీలో చదువుచున్న మన ఊరి అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు సంగతి చెప్పితిని. “బాబాయిగారూ, మొత్తం విప్పి మళ్ళీ కట్టాలి” అన్నది. అట్లే చేసితిమి. ముందుగా పాత ఫాంటులోని వ్రాత నంతటిని యూనికోడునకు మార్చితిమి. మార్పు సాధనము ఒత్తులను తారుమారు చేసినచోట్ల చేతితో దిద్దితిమి. ఇది తెలుగు పుట యని యంత్రమునకు తెలియు గుర్తు పెట్టితిమి. లేనిచో తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదువబోవునట. ఒకే పలకపై రెండు వరుసలుగా నున్న దానిని ఏది ముందో ఏది వెనుకో నిర్ణయించి ఒకే ధారగ నడపితిమి. ఎగురుచు వచ్చు అక్షరములను తీసివేసితిమి. చందా లెక్కలలో చెల్లించినవారికి ఆకుపచ్చ, బాకీదారులకు ఎరుపు వేసియుంటిని. రంగు తెలియనివారి కొరకు ‘బాకీ’ యని మాటలలో వ్రాసితిమి. బాకీదారులకు మాత్రము ఈ సంస్కరణము రుచింపలేదు.

అన్నిటికంటె కష్టమైనది బొమ్మలకు వివరణ వ్రాయుట. ప్రారంభోత్సవపు ఛాయాచిత్రము క్రింద నేను “ప్రారంభోత్సవ దృశ్యము” అని వ్రాసితిని. మాస్టారుగారు విని, “దృశ్యమని నాకూ తెలుసునయ్యా. అందులో ఏమున్నది?” అనిరి. మరల చూచితిని. మామిడిచెట్టు క్రింద బల్లలపై ఐదుగురు పెద్దలు కూర్చుండిరి. కుడిచివర, తలుపు ప్రక్కన, గళ్ళచీర కట్టిన యొకామె నిలిచియున్నది. చేతిలో ఏదో మెరయుచున్నది. ఇరువదియైదేండ్లుగా గ్రంథాలయపు గోడమీద వ్రేలాడుచున్న ఆ పటములో ఆమెను నేను ఏనాడును గమనింపలేదు. చూచినది చూచినట్లు చెప్పగా మాస్టారుగారు క్షణకాలము మౌనము వహించి, “అది తాళపుచెవి. ఆ యిల్లు ఆమెదే. అద్దె లేకుండా ఎనిమిదేళ్ళు ఇచ్చింది” అనిరి. తీర్మానముల పుస్తకము తీసి చూచితిని. “ఒక దాత సౌజన్యమున” అని మాత్రమే యున్నది. వ్రాసినది నేనే. ఆమె కాలధర్మము నొందినది. ఇప్పుడామె పేరు మన పుటలోను, తీర్మానముల పుస్తకపు అంచునను చేరినది.

1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు పెట్టుకొని కాలువ వెంబడి ఊరూరికి గ్రంథాలయమును నడపిరి. పాఠకుడు రాలేనిచో పుస్తకమే పోవలెనని వారి యుద్దేశము. మన పుటయు నట్లే ఇప్పుడు మాస్టారుగారి ఫోనునకు పోవుచున్నది. చూపున్నవారికిని మేలే, అక్షరము చిన్నదైనచో వ్రేళ్ళతో పెద్దది చేసికొనవచ్చును, వాక్యము తెర దాటిపోదు. హైదరాబాదులోను అమెరికాలోను నున్న మన ఊరిపిల్లలును చదివి ఉత్తరములు వ్రాయుచున్నారు. మాస్టారుగారు మొదటి విన్నపాటులోనే రెండు తేదీలు తప్పని చెప్పి దిద్దించిరి.

పని ఇంకను పూర్తికాలేదు. తొలినాటి చందాల చిఠ్ఠాలోని 17 పుటలు బొమ్మలుగానే మిగిలియున్నవి. అవన్నియు నా చేతివ్రాతవే. ఆదివారములందు నేను చదివి చెప్పుచుండగా అమ్మాయి టైపు చేయుచున్నది. కొన్నిచోట్ల నా వ్రాత నాకే బోధపడుట లేదు. అట్టి పంక్తులను మాస్టారుగారికి వినిపించి, ఆనాడు చందా యెవరు కట్టిరో వారి నడిగి పూరించుచున్నాము.