తిరునాళ్ల ప్రభ

తిరునాళ్ల ప్రభ పల్నాడు, పశ్చిమ ప్రకాశం భక్తులు శివుడికి మొక్కు చెల్లించడానికి కట్టే ఎత్తైన ఊరేగింపు కట్టడం. మహాశివరాత్రినాడు, అంటే మాఘ బహుళ చతుర్దశినాడు, నరసరావుపేట దగ్గర కోటప్పకొండపై జరిగే త్రికోటేశ్వరస్వామి తిరునాళ్ల వీటికి ప్రసిద్ధి. కర్రల చట్రానికి రంగు గుడ్డలు చుట్టి బండిపై నిలుపుతారు. ఒరగకుండా మోకులు పట్టి నడిపిస్తారు. విద్యుద్దీపాల ప్రభలు కొన్ని 90 అడుగుల దాకా లేస్తాయి. రాత్రి వాటి ముందు వేదికలపై ఆటపాటలు సాగుతాయి.

తిరునాళ్లలో పాతుకుపోయిన మరో కళ పద్యనాటకం. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయం’లోని కాటిసీను, తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయాలు’లోని పడకసీను విడివిడిగా ఆడేంత పేరు పొందాయి. హార్మోనియం శ్రుతిపై నటుడు పద్యం చివర రాగం సాగదీస్తాడు. ప్రేక్షకులు వన్స్‌మోర్ కొడితే మళ్లీ అందుకుంటాడు.