మత్తుమందు లేని రోజుల్లో

ఆపరేషన్ అంటే ఇప్పుడు మత్తిస్తారు, మెలకువ వచ్చేసరికి అంతా అయిపోతుంది. 1811లో ఆంగ్ల నవలా రచయిత్రి ఫానీ బర్నీకి ఆ అదృష్టం లేదండీ. అప్పుడావిడకు 59 ఏళ్లు, కాపురం పారిస్‌లో. రొమ్ములో గడ్డ లేచింది. సెప్టెంబరు 30న నెపోలియన్ సైన్యపు వైద్యుడు లారే మరి ఆరుగురితో ఇంటికే వచ్చాడు. భర్త చూసి తట్టుకోలేరని ఆయన్ని ముందే బయటికి పంపించే ఏర్పాటు చేసుకుంది. (చూశారా, అప్పుడు కూడా ఇంటాయన గురించే బెంగ!) కాస్త ద్రాక్షసారా తాగించి, ముఖంమీద రుమాలు కప్పారు. ఆ పల్చటి గుడ్డలోంచి కత్తి తళతళలు కనిపిస్తూనే ఉన్నాయి. సుమారు 20 నిమిషాలు! కోస్తున్నంతసేపూ ఆవిడ కేక ఆగలేదట. ఇదంతా అక్క ఎస్తర్‌కు ఉత్తరం రాయడానికి నెలలు పట్టింది. రాసింది తిరిగి చదువుకోవడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. బోస్టన్‌లో ఈథర్ మత్తిచ్చి అందరి ఎదుటా ఆపరేషన్ చేసి చూపించింది 1846లో. అప్పటికి ఫానీ పోయి ఆరేళ్లయింది. అయితే ఆ కోత తర్వాత 28 ఏళ్ల పైచిలుకు బతికింది.