కమాను, మెలి, తాబేలు

లారీ కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలు కమాన్ కట్టలు. ఫార్సీలో కమాన్ అంటే విల్లు. గుడి వీధి మొదట్లో కట్టే స్వాగత ద్వారమూ కమానే. వంపును బట్టే రెండింటికీ ఆ పేరు.

కొన్ని పికప్‌ల ముందు భాగంలో ఆ వంపు లేదు. అక్కడ బరువు మోసేది టార్షన్ బార్, తిన్నని ఉక్కు కడ్డీ. ఒక కొస చక్రాన్ని పట్టుకున్న ఆర్మ్‌కు, రెండోది ఛాసిస్‌కు. చక్రం లేస్తే కడ్డీ తాడు పురిలా మెలిపడుతుంది. ఆ మెలి విడిపోవాలని తన్నే బలమే బండిని నిలబెడుతుంది. ఛాసిస్ వైపున్న బోల్టు బిగిస్తే ముందు భాగం పైకొస్తుంది. ముందే జాకీతో ఎత్తి కడ్డీ మీద బరువు తీసేయాలి, రెండు పక్కలా ఎత్తు కొలవాలి, ఆపైన వీల్ అలైన్‌మెంట్ తప్పదు. సస్పెన్షన్ గట్టిపడిందనుకుంటారు గానీ, మారేది ఎత్తే, కడ్డీ గట్టిదనం కాదు. అత్యాశకు పోతే చక్రం గుంతలోకి దిగే చోటు తగ్గి కూర్చున్నవాళ్ల ఎముకలు కదులుతాయి.

టార్షన్‌కు మూలం 'మెలితిప్పు' అనే లాటిన్ క్రియ. టార్క్ దాని తోబుట్టువు.

ఈ చుట్టరికం తాబేలు దాకా పోవచ్చు. దానికి ఇంగ్లీషువాళ్ల పేరు టార్టాయిజ్. దాని వంకర కాళ్ల వల్ల ఆ పేరు మీదా ఇదే ధాతువు నీడ పడిందని కొందరు నిఘంటుకారుల మాట. తెలుగు తాబేలుకు మాత్రం ఆ మెలితో చుట్టరికం లేదు.