మూలచ్ఛాయయు దిద్దిన ఛాయయు: తంజావూరు, మధుర చిత్రములు నేర్పు పాఠము

మూలమును చూచి దిద్దుట యొకటి. మూలము మీదనే దిద్దుట మఱియొకటి. ప్రాచీన గ్రంథములను పరిష్కరించు పండితులు ఈ భేదమును చక్కగా ఎఱుగుదురు. పరిష్కర్త తనకు సాధువని తోచిన పాఠమును వేఱు కాగితముపై వ్రాసికొనునే గాని, తాటియాకు మీది అక్షరమును గీకివేయడు. నేడు తమిళనాడు, కర్ణాటక రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారి యిండ్లలోని తాళపత్రములను, పాత కాగితపు ప్రతులను డిజిటల్ కెమెరాలతో చిత్రించి భద్రపఱచు అవకాశము కలిగినది. ఈ కార్యమునకు పూనుకొనువారికి ఆ పాత భేదమే మరల ప్రధానమగుచున్నది. దానిని విశదపఱచు మంచి నిదర్శనములు తెలుగు నాయకరాజులు ఏలిన తంజావూరు, దక్షిణ మధుర పట్టణములలోనే లభించుట గమనింపదగిన విషయము.

తంజావూరు బృహదీశ్వరాలయ గర్భగృహము చుట్టునుగల ప్రదక్షిణ మార్గపు గోడలపై క్రీ.శ. 11వ శతాబ్దమున చోళుల చిత్రకారులు చిత్రములు రచించిరి. నాయకరాజుల కాలమున ఆ గోడలకే మరల పూతపూసి నూతన చిత్రములు రచించిరి. క్రింద చోళచిత్రములు కలవన్న మాట కాలక్రమమున మఱుగుపడెను. 1931లో అన్నామలై విశ్వవిద్యాలయమునకు చెందిన ఎస్. కె. గోవిందస్వామి ఆ చిత్రములను కనుగొని లోకమునకు తెలిపెను. అంతట ఒక కఠిన సమస్య యేర్పడెను. చోళచిత్రము కనబడవలెనన్న నాయకచిత్రము తొలగవలెను. నాయకచిత్రము నిలువవలెనన్న చోళచిత్రము మరుగుననే యుండవలెను. రెండును చరిత్రయే. తుదకు పురావస్తుశాఖవారు కొన్నిచోట్ల పైపొరను చిత్రముతో సహా నేర్పుగా ఒలిచి, ఫైబర్‌గ్లాసు పలకలపై అమర్చి, రెంటిని రక్షింపగలిగిరి. ఒకదానిపై నొకటి పడిన పొరలను విడదీయుట ఎంతటి శ్రమసాధ్యమో దీనివలన తెలియుచున్నది.

ఛాయాచిత్ర కళలోను ఈ చిక్కు ఆదినుండియు కలదు. 1841లో ఇంగ్లండులో టాల్బట్ అనునాతడు తన పద్ధతికి పేటెంటు పొందెను. ఈ పద్ధతిలో మొదట కాగితముపై వెలుగు నీడలు తారుమారైన నెగటివు ఏర్పడును. దానినుండి ప్రింట్లు ఎన్నియైనను తీయవచ్చును. నాటినుండి నెగటివు మూలప్రతి, ప్రింటు పుత్రికాప్రతి అయినవి. అయితే మూలమును చేతితో దిద్దు అలవాటు కూడ శీఘ్రముగనే యేర్పడెను.

మద్రాసు సైన్యమున అధికారిగా నుండిన లీనియస్ ట్రైప్ (1822–1902) ఇందుకు ఉదాహరణము. ఇతడు 1854లో హళేబీడు, బేలూరు ఆలయములను చిత్రించెను. 1856లో మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడుగా నియుక్తుడై, 1857 డిసెంబరు మొదలు 1858 వఱకు శ్రీరంగము, తిరుచిరాపల్లి, మధుర, పుదుక్కోట, తంజావూరు ప్రాంతములలో సంచరించి చిత్రములు తీసెను. ఆయన వాడినవి మైనము పట్టించిన కాగితపు నెగటివులు. ఆ నాటి రసాయనములకు నీలివెలుగు అతిగా సోకెడిది. పచ్చదనము సరిగా పట్టుబడెడిది కాదు. తత్ఫలితముగా ఆకాశము తెల్లని బయలుగను, చెట్లు నల్లని ముద్దలుగను కనబడెడివి. ఈ లోపమును పూరించుటకై ట్రైప్ నెగటివు మీదనే రంగుపూసి, మేఘములను కల్పించి, ఆకులకు వెలుగునీడలు చేకూర్చెను. చిత్రము రమ్యమైనదనుటలో సందేహము లేదు. కాని ఆ దినమున తంజావూరిపై మేఘమున్నదో లేదో ఆ ప్రింటు చెప్పజాలదు. దిద్దుబాటు మూలములో కలిసిపోయినది.

అట్టి ట్రైపే బృహదీశ్వరాలయ అధిష్ఠానముపై నున్న శాసనములను కూడ వరుసగా చిత్రించి, 21 ప్రింట్లను చేర్చి ఒక పొడవైన పటముగా కూర్చెను. శాసనమును చదువగోరువానికి అక్షరమే కావలెను. అక్కడ కల్పనకు చోటులేదు. చూచి ఆనందించుటకు తీసిన చిత్రమునకును, సాక్ష్యముగా నిలుపవలసిన చిత్రమునకును గల భేదము ఒకే మనుష్యుని పనిలో ఇట్లు ప్రత్యక్షమగుచున్నది.

సాక్ష్యము విలువ మధురలో మఱింత స్పష్టపడినది. తిరుమల నాయకుని మహలును ట్రైప్ 1858లో చిత్రించునాటికి అది శిథిలావస్థలో నుండెను. 1866 మొదలు 1872 వఱకు మద్రాసు గవర్నరుగా నుండిన నేపియర్ ప్రభువు కాలమున ఆ మహలు బాగుచేయబడినది. ఆ మరమ్మతు లేకున్నచో నేడు ఆ స్తంభములు నిలిచియుండెడివో లేదో! అయినను, మరమ్మతునకు ముందు ఆ కట్టడ మెట్లుండెనో తెలిసికొనుటకు ఆ పాత ఛాయాచిత్రములు ముఖ్యమైన ఆధారములు. కట్టడమును బాగుచేయుట తప్పుకాదు. బాగుచేయక ముందటి రూపము ఎక్కడనో భద్రముగా నుండుట అవసరము.

నేటి కెమెరాలోని రా ఫైలు నెగటివు వంటిది. 1976లో కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ పేరిట పేటెంటు పొందిన అమరికలో, కెమెరా ఫలకముపై నుండు ఒక్కొక్క బిందువు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడింటిలో ఒకదానినే గ్రహించును. ఆ కొలతలను రా ఫైలు 12 లేక 14 బిట్లలో, అనగా 4,096 లేక 16,384 మెట్లలో నిలుపును. సామాన్యమైన జేపెగ్ చిత్రమునందు ఒక్కొక్క రంగునకు 256 మెట్లే యుండును. జేపెగ్‌ను తయారుచేయునపుడు రంగు, పదును, వెలుగు ఎట్లుండవలెనో కెమెరాయే నిర్ణయించి, మిగిలిన సమాచారమును పారవేయును. పారవేసిన దానిని మరల రప్పించుట అసాధ్యము.

2005లో వెలువడిన అపెర్చర్, 2007లో వెలువడిన లైట్‌రూమ్ వంటి సాఫ్ట్‌వేరులు ఇందులో ఒక మేలైన పద్ధతిని ప్రచారమునకు తెచ్చినవి. వెలుగు పెంచుట, అంచు కత్తిరించుట మున్నగు ఆజ్ఞలు మాత్రమే విడిగా వ్రాయబడును. రా ఫైలులోని చిత్రము చెక్కుచెదరదు. ఇది ట్రైప్ కుంచెపనికి విరుద్ధము, పరిష్కర్త ప్రత్యేక పత్రమునకు సదృశము.

తమిళనాటి తెలుగు ప్రతులకు ఈ పద్ధతి ప్రాణసమానము. తాటియాకు మీది అక్షరము గంటముతో గీసి మసి పట్టించినది. పలమను తూనికకును, ఫలమను పండునకును నడుమ భేదము అడుగున నుండు చిన్నగీత మాత్రమే. ఇంతకంటె సున్నితమైనవి తమిళలిపిలో అచ్చయిన తెలుగు కీర్తనలు. తమిళమున ప, ఫ, బ, భ లకు ఒకే అక్షరము. కావున పాల, ఫాల, బాల అను మూడు మాటలును ఒకే తీరుగ వ్రాయబడును. భేదము తెలుపుటకై అక్షరము ప్రక్కన 2, 3, 4 అను సన్నని అంకెలను వేయుదురు. మచ్చలు తుడుచు సాఫ్ట్‌వేరునకు ఆ అంకె మచ్చగా తోచవచ్చును. పురుగు తిన్న రంధ్రము సున్నగా తోచవచ్చును. కృత్రిమమేధతో పనిచేయు సాధనములు లేని గీతను కూడ కల్పింపగలవు. తెలుగు చదువరాని వంశజుడు దిద్దిన ప్రతి చూచుటకు శుభ్రముగనే యుండును; అతని కన్ను ఆ నష్టమును గుర్తింపజాలదు. ఆకు శిథిలమై, మూలచిత్రము కూడ చెరిగిపోయినచో, కుటుంబపు పాఠమునకు వేఱు సాక్ష్యముండదు.

కనుక ఇందు పాటింపవలసిన మర్యాదలు కొన్ని కలవు. కెమెరానుండి దింపిన వెంటనే రా ఫైళ్లను మార్పునకు వీలులేకుండ తాళము వేయవలెను. మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములలో, ఒకటి వేఱొక ఊరిలో ఉండుట మేలు. ప్రతి ఫైలునకును ఎస్‌హెచ్‌ఏ-256 అను గణితముద్రను లెక్కించి వ్రాసియుంచవలెను. ఒక్క బిట్టు మాఱినను ముద్ర మాఱును. ఏటేట సరిచూచిన యెడల చెడిన ప్రతి బయటపడును. 2004లో అడోబీ సంస్థ ప్రకటించిన డీఎన్‌జీ రూపమున దిద్దుబాటు ఆజ్ఞలు ఆ ఫైలు లోపలనే చేరుట కలదు. అందువలన చిత్రము మాఱకున్నను ముద్ర మాఱును. కావున పని వేఱొక నకలుపై చేయుట ఉచితము. ఆజ్ఞల ఫైలు ఒక సాఫ్ట్‌వేరును నమ్ముకొని యుండును. అపెర్చర్ అభివృద్ధిని నిలిపివేయుచున్నట్లు 2014లో ఆపిల్ సంస్థ ప్రకటించినది. అందుచే దిద్దిన రూపమును టిఫ్ ఫైలుగా వేఱు పేరుతో తీసి, ఏమి దిద్దినది, ఎవరు దిద్దినది, ఎన్నడు దిద్దినది ప్రక్కన వ్రాసియుంచవలెను.

దిద్దుబాటును నిషేధింపవలసిన పనిలేదు. మసకబాఱిన ఆకును వెలుగు పెంచక చదువుట కష్టము. చదువుటకు దిద్దిన ప్రతి ఉండవలెను. ఆ చదువు సరియైనదో కాదో తేల్చుటకు దిద్దని ప్రతియు ఉండవలెను. తంజావూరి గోడమీద రెండు పొరలను విడదీయుటకు శాస్త్రజ్ఞులు ఎంతయో శ్రమింపవలసివచ్చినది. నేటి ఫైళ్లయందు ఆ రెండును మొదటినుండియే విడివిడిగా నుండగలవు. ఈ సౌలభ్యమును తెలుగు కుటుంబములు ఉపయోగించుకొన్నచో, రేపు చదువనేర్చిన మనుమడు తన పూర్వుల అక్షరమును పూర్వులు వ్రాసినట్లే చూడగలడు.