కొరాపుట్, రాయగడ జిల్లాల పల్లెల్లో ఊబకాయం, సుగరు, బీపీ

కొరాపుట్, రాయగడ దక్షిణ ఒడిశాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న జిల్లాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా ఈ కొండలు విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో, జయపురం జమీందారీ కింద ఉండేవి. రాయగడ 1992 అక్టోబరు 2న కొరాపుట్ నుంచి విడిపోయింది. 2011 జనగణన నాటికి కొరాపుట్ జనాభా 13.8 లక్షలు, రాయగడ జనాభా 9.7 లక్షలు. రెండింట్లోనూ సగానికి పైగా ఆదివాసులే: కోందులు, పొరజలు, గదబలు, సవరలు. రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో తెలుగు వాళ్లు తరాలుగా ఉన్నారు.

ఊబకాయం, మధుమేహం, అధిక రక్తపోటు మూడింటినీ కలిపి పత్రికలు జీవనశైలి జబ్బులంటాయి. కూర్చుని తినేవాడి జబ్బులని అందులో ధ్వని. ఈ రెండు జిల్లాలకు ఆ పేరు సగమే అతుకుతుంది. ఇక్కడ మూడూ ఒకే బండెక్కి రాలేదు. బీపీ ముందే వచ్చి కూర్చుంది. లావు రోడ్డు పక్క ఊళ్లలో, ఫ్యాక్టరీ టౌన్లలో తర్వాత కనిపించింది. సుగరు కొందరికి లావు వల్ల వస్తే, మరికొందరికి ఎముకల గూడులాంటి ఒంట్లోనే వస్తోంది.

బక్కవాళ్ల బీపీ

హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నడిపిన పోషకాహార పర్యవేక్షణ విభాగం 2007-08లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లో సర్వే చేసింది. ఆడవాళ్లలో దాదాపు సగం మంది, మగవాళ్లలో 40 శాతం మంది ఉండాల్సిన బరువు లేరు. అదే సర్వేలో పెద్దవాళ్లలో ప్రతి నలుగురిలో ఒకరికి బీపీ ఉన్నట్టు తేలింది. ఉన్నవాళ్లలో ఆ సంగతి తెలిసినవారు పదిమందికి ఒకరు కూడా లేరు. బీపీకి ముందు పొట్ట వస్తుందనే లెక్క ఇక్కడ చెల్లదని అప్పుడే తెలిసిపోయింది.

కారణాలు చూడాలంటే సంతకు వెళ్లాలి. శుక్రవారం కుందులి సంతలోనో, బుధవారం డోంగ్రియా కోందులు నియమగిరి దిగి వచ్చే చాటికోనా సంతలోనో ఒక పక్క ఎండుచేపల గుట్టలుంటాయి. కూరలో చిటికెడు రుచి కోసం వేసుకునే ఆ చేపలోనే ఉప్పు దండిగా ఉంటుంది. కూర తక్కువైన పూట అంబలి దిగడానికి మళ్లీ ఉప్పే ఆధారం. పక్కనే పొగాకు కట్టలు. ఇంకాస్త ముందుకెళ్తే మిక్చరు, చిప్స్, బిస్కెట్ల పొట్లాలు దండల్లా వేలాడుతుంటాయి. జీలుగు కల్లు, ఇప్పసారా, చోళ్లు (రాగులు) పులియబెట్టి చేసే లందా పండగలకూ పెళ్లిళ్లకూ ముందునుంచీ ఉన్నవే. రోజూ తాగే సారా, సీసా మందు వేరే సంగతి. ఈ రోజువారీ తాగుడూ బీపీని ఎక్కిస్తుంది.

బీపీ కొలవడంలోనూ ఒక తిరకాసుంది. చేతికి చుట్టే పట్టీ మామూలు సైజు 27 నుంచి 34 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న దండచేతులకు సరిపోతుంది. పొలం పని చేసే సన్నటి ఆడమనిషి చేయి చాలాసార్లు అంతకంటే చిన్నది. ఆ చేతికి పెద్ద పట్టీ చుడితే అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. 140/90 దాటిన మనిషి ‘బాగానే ఉంది’ అనిపించుకుని ఇంటికి పోతుంది. చిన్న పట్టీకయ్యే ఖర్చు ఎంతో కాదు, కానీ అది చేతికందేలా ఉండాలి.

ఆకలి, రూపాయి బియ్యం

2001లో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో మామిడి టెంక జీడి గంజి తాగి ఆదివాసులు చనిపోయిన వార్త దేశమంతా మోగింది. ఆ తర్వాత ఒడిశా ప్రభుత్వం 2008లో కిలో రెండు రూపాయలకూ, 2013 నుంచి రూపాయికీ బియ్యం ఇచ్చింది. ఆకలి చాలావరకు తగ్గింది. దాంతోపాటే కంచంలో ఉండే తిండీ మారింది. ఒడియాలో మాండియా, ఉత్తరాంధ్రలో చోళ్లు అనే రాగులు, సామలు, కొండ మీది కందులు, అలసందలు వెనక్కి తగ్గాయి. పాలిష్ పట్టిన తెల్లన్నం మూడుపూటలా వచ్చింది. పప్పు, గుడ్డు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. కడుపు నిండినా కండ పట్టలేదు. ఆ బియ్యాన్ని ఇప్పుడు తప్పుపట్టేవాళ్లున్నారు. కాశీపూర్ గుర్తున్నవాళ్లు అంత మాట అనరు. తప్పు బియ్యానిది కాదు, దాని పక్కన ఏమీ పెట్టకపోవడానిది.

లావు సంగతికొస్తే, 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశా ఆడవాళ్లలో అధిక బరువున్నవారు 16.5 శాతం. 2019-21 నాటికి 23 శాతమయ్యారు. అదే కాలంలో బక్కచిక్కినవారు 26.5 నుంచి 20.8 శాతానికి తగ్గారు. రాష్ట్రం మొత్తం మీద బరువెక్కువ వాళ్లు బరువు తక్కువ వాళ్లను దాటింది అప్పుడే. ఈ రెండు జిల్లాల్లో ఆ మార్పు సునాబేడ, దమన్‌జోడి, జేకేపూర్ లాంటి పరిశ్రమల చోట్ల, బండి మీద తిరిగే ఉద్యోగుల ఇళ్లలో ముందుగా కనిపిస్తుంది. కొండ వాలున కట్టెలమోపుతో దిగే మనిషిలో ఇప్పటికీ అరుదు.

సన్నటి మనిషికి సుగరెందుకు?

భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి సుగరు ఉంది. పల్లెల్లో 8.9 శాతం, పట్టణాల్లో 16.4 శాతం. భారతీయులకు పొట్టా బరువూ తక్కువున్నప్పుడే జబ్బు మొదలవుతుంది కాబట్టి మన దేశంలో ఊబకాయానికి గీత బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చెప్పే అంకె) 25 దగ్గరే గీస్తారు. కానీ కొండ పల్లెల్లో 18 బీఎంఐ ఉన్నవాళ్లలోనూ సుగరు కనిపిస్తుంది.

దీన్ని ముందుగా పట్టించుకున్నవాళ్లలో ఒడిశా వైద్యులే ఉన్నారు. కటక్ వైద్య కళాశాలలో బిధుభూషణ్ త్రిపాఠి 1960ల్లోనే బక్కచిక్కిన యువ రోగుల గురించి రాశారు. వాళ్లకు ఇన్సులిన్ బాగా తక్కువ. అయినా చిన్నపిల్లల్లో వచ్చే రకంలా ఒంట్లో ఆమ్లం పేరుకుని స్పృహ తప్పడం ఉండేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో పోషకాహార లోపపు మధుమేహం అని దీనికొక గది కేటాయించి, రుజువులు చాలవంటూ 1999లో తీసేసింది. వెల్లూరు వైద్యుల పరిశోధన తర్వాత 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీన్ని అయిదో రకంగా గుర్తించింది. తల్లి కడుపులోనూ పసితనంలోనూ తిండి చాలకపోతే క్లోమగ్రంథి పూర్తిగా ఎదగదనీ, తర్వాత అది చేయాల్సినంత ఇన్సులిన్ చేయలేదనీ దీని వెనుక ఉన్న వివరణ. ఇలాంటి రోగికి మామూలు మోతాదులో ఇన్సులిన్ ఇస్తే, తిండి లేని పూట సుగరు ప్రమాదకరంగా పడిపోతుంది.

పరీక్షలోనూ జాగ్రత్త కావాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఈ జిల్లాల్లో మోసం చేయగలదు. సికిల్ సెల్, జీ6పీడీ లోపం లాంటి పుట్టుకతో వచ్చే రక్తదోషాలు ఉన్నచోట ఎర్రకణాలు తొందరగా చస్తాయి, అంకె తక్కువ వస్తుంది. ఇనుము లోపంతో రక్తం తక్కువైన ఆడవాళ్లలో అదే అంకె ఎక్కువ చూపిస్తుంది. పరగడుపున 126 దాటిందా, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 దాటిందా అని చూసే పాత పరీక్షే ఇక్కడ నమ్మదగినది.

వైద్యం, చోళ్లు

2010లో కేంద్రం మొదలుపెట్టిన అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమానికి ఒడిశాలో తొలి విడతలో ఎంచుకున్న అయిదు జిల్లాల్లో కొరాపుట్ ఒకటి. కొరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల 2017లో తెరిచారు. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో డెన్మార్క్ వైద్యురాలు ఎలిజబెత్ మ్యాడ్సెన్ 1954లో మొదలుపెట్టిన క్రిస్టియన్ ఆసుపత్రి పల్లె వైద్యానికి పేరుపడింది. జబ్బు ముదిరితే రాయగడ వాళ్లు విజయనగరం, విశాఖ రైలెక్కడం పాత అలవాటే. మాత్ర మొదలుపెట్టడం కష్టం కాదు. వలస పనికి పోయిన ఆరునెలల్లో అది ఆగిపోతుంది, నొప్పి లేదు కాబట్టి ఎవరూ అడగరు.

ఒడిశా మిల్లెట్స్ మిషన్ 2017లో ఈ జిల్లాల్లోనూ మొదలై రాగులను మద్దతు ధరకు కొని, అంగన్‌వాడీ పిల్లలకు లడ్డూలుగా, రేషన్లో ధాన్యంగా తిరిగి పంచింది. జయపురం దగ్గర పాత్రపుట్ రైతు కమలా పూజారి దేశవాళీ విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్నారు. చోళ్లు సుగరుకు మందని పట్నాల్లో నడుస్తున్న ప్రచారం మాత్రం అతి. ముతకగా విసిరిన పిండితో కాచిన అంబలి వేరు, మెత్తటి పిండిలో చక్కెర కలిపి అమ్మే మాల్ట్ వేరు. రెండోది సుగరును తెల్లన్నంలాగే ఎక్కిస్తుంది.

బీపీ, సుగరు మాత్రలు ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో 2015 నుంచి నిరామయ పథకం కింద ఉచితం. ఉప కేంద్రంలో 30 ఏళ్లు దాటిన ఎవరికైనా బీపీ, సుగరు చూడటానికీ డబ్బు కట్టనక్కర్లేదు. మీరు సన్నగా ఉన్నారని చూడకుండా పంపేస్తే, చూడమని అడగండి.